ఆరని బెంచీల ఆదివారం

మా పెద్దమ్మ కుట్టు మిషను ముందు కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తదు. ఒక్క మాటకు మాత్రం ఎత్తుతుంది. "ఇది చర్చికి వేసుకోవడానికండీ" అని ఎవరైనా అంటే చాలు, మిషను ఆగిపోతుంది, మెడలో వేలాడే టేపు చేతిలోకి వస్తుంది. వచ్చినవాళ్లను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "అయితే చేతులు మోచేతి కిందికి రావాలి. మెడ లోతుగా కొయ్యను" అని తీర్పు చెప్పేస్తుంది. బతిమాలినా వినదు. విందుకైతే మీ ఇష్టం, దేవుని సన్నిధికైతే నా ఇష్టం. అదీ ఆమె వరస.

నేను ఆమె చెల్లెలి కూతుర్ని. ఆమె కుట్టు కొట్లోనే కాజాలు, అంచులు కుడతాను. ఆమెకు పట్టుదల ఎక్కువ, నాకు నోరెక్కువ. మా ఇద్దరికీ రోజూ పేచీయే. అయినా ఒకరిని వదిలి ఒకరం అన్నం తినం.

చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం ఒక పరీక్ష. అక్కడున్న సగం బట్టలు ఆమె కుట్టినవే కాబట్టి కళ్లు ఊరుకోవు. ఎవరి కాలరు వంకరపోయింది, ఎవరి గౌను అంచు ఊడింది, ఎవరికి ఒళ్లొచ్చి కుట్లు పిగిలిపోతున్నాయి, అన్నీ లెక్క తేలాల్సిందే. ఒకసారి ప్రార్థన మధ్యలో, ముందు వరుసలో ఉన్నావిడ వీపు మీద దారం వేలాడుతుంటే చూసి తట్టుకోలేక, వంగి పళ్లతో కొరికేసింది. ఆవిడ ఉలిక్కిపడి పాస్టరు గారి కంటే ముందే "ఆమేన్" అనేసింది. నవ్వాపుకోలేక నేను బయటికి పరుగెత్తాను.

ఇంత ఉత్సాహంగా చర్చికి వెళ్లే మనిషి పక్కన ఎప్పుడూ ఒక చోటు ఖాళీగా ఉండేది. అక్కడ తన చేతిరుమాలు పరిచి పెట్టేది. ఆ చోటు మా పెదనాన్నది.

పెదనాన్న ఇళ్లకు రంగులు వేస్తాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసే చర్చికి వెళ్లేవారు. ఒక ఆదివారం ఆయన ఏదో తొందర పని ముగించుకుని, ఆరాధన తప్పిపోకూడదని తిన్నగా చర్చికి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా నిండా సున్నం మరకలు. పెద్దమ్మ గుమ్మంలోనే అడ్డం పడి, నలుగురూ చూస్తుండగా, "ఇలాగేనా దేవుని దగ్గరికి వచ్చేది? ఇంటికెళ్లి మార్చుకుని రండి" అంది. ఆయన ఇంటికెళ్లాడు. మార్చుకున్నాడు. మళ్లీ రాలేదు. ఆ ఆదివారమే కాదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

అప్పటినుంచి ఆమె ఆయనకు ఏటా ఒక తెల్ల చొక్కా కుట్టి కొక్కేనికి తగిలించేది. ఆయన దాన్ని తీసుకెళ్లి పనిలో వేసుకుని రంగులు పులిమి తెచ్చేవాడు. ఇదేం మొండితనమో, ఇదేం మొగుడూ పెళ్లాలో నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఇద్దరూ నవ్వుకుంటూనే ఉండేవారు. ఆదివారం ఉదయం మాత్రం ఆయన నోరు విప్పేవాడు కాదు, ఆమె ఆయన వైపు చూసేది కాదు.

ఇలా ఉండగా చర్చికి కొత్త కప్పు వేశారు. గోడలకు, బెంచీలకు రంగులు వేసే పని పెదనాన్నకే దక్కింది! ఆ మాట విన్న రోజు పెద్దమ్మ కాలు నిలవలేదు. మిషను మీద కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం.

"విన్నావే? రోజూ చర్చిలోనే ఉంటారట! పొద్దున్నుంచి సాయంత్రం దాకా!"

"గోడల్తో ఉంటాడు పెద్దమ్మా, పాస్టరు గారితో కాదు" అన్నాను.

"నీ నోట్లో మంచిమాట రాదా? కొత్త కప్పు కింద మొదటి ఆరాధనకు రమ్మని అడిగాను. ఏమన్నారో తెలుసా? చూద్దాంలే అన్నారు!"

నిజమే, అది చిన్న మాట కాదు. ఏటా "ఊఁహూఁ" తప్ప ఇంకో ముక్క అనని మనిషి "చూద్దాంలే" అన్నాడంటే సగం దారి వచ్చినట్టే. ఈసారి ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చుంటే బాగుండునని నేనూ మనసారా కోరుకున్నాను.

ఆ ఆదివారానికి అందరూ తెల్లబట్టలే వేసుకోవాలని సంఘం అనుకుంది. ఇంకేముంది, ఊరంతా మా కొట్టు మీదే పడింది. ఎటు చూసినా తెలుపు. కాజాలు కుట్టీ కుట్టీ నా వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి. ఇస్త్రీ పెట్టె చల్లారితే ఒట్టు. పెద్దమ్మ మడత మడతకూ మురిసిపోయింది.

శనివారం మధ్యాహ్నం పెదనాన్న కొట్టుకొచ్చాడు. "బెంచీలకు పచ్చరంగు వేయడం అయింది. పైపైన ఆరింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. రేపు చాపల మీద కూర్చోమని పాస్టరు గారితో చెప్పు. నేను నిచ్చెనలు ఇచ్చేసి రావాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

"చాపల మీదా!" పెద్దమ్మ ముఖం మాడిపోయింది. "ఇన్ని మడతలు పెట్టి ఇస్త్రీ చేస్తే, నేల మీద కూర్చుని నలిపేసుకుంటారా?"

నన్ను వెంటేసుకుని చర్చికి బయల్దేరింది. చేతిలో ఒక తెల్లగుడ్డ ముక్క. దాన్ని ఒక బెంచీ మీద పెట్టి అరచేత్తో అదిమి తీసింది. మచ్చ లేదు. ఇంకో బెంచీ మీద, మచ్చ లేదు. రంగు వేసిన బట్ట ఆరిందో లేదో చూడటానికి మా కొట్లో చేసే పద్ధతి అది. ఎన్నడూ తప్పలేదు.

"చూశావా? ఆయనకు అన్నిటికీ అనుమానమే."

"పెదనాన్న చెప్పాడు కదా పెద్దమ్మా, వినరాదూ?"

"నువ్వూరుకో. గుడ్డ అబద్ధం చెప్తుందా?"

పాస్టరు గారి దగ్గరికెళ్లి బెంచీలు భేషుగ్గా ఆరాయని చెప్పేసింది. అరచేయి వేరు, గంటసేపు కదలకుండా కూర్చున్న మనిషి బరువూ ఒంటి వేడీ వేరు అని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం చర్చి చూడాలి! కొత్త కప్పు, కొత్త గోడలు, నిగనిగలాడే బెంచీలు, వాటి నిండా తెల్లబట్టలు. పెద్దమ్మ తన పక్కన చేతిరుమాలు పరిచి గుమ్మం వైపే చూస్తోంది. పెదనాన్న రాలేదు. పాస్టరు గారి వాక్య ప్రసంగం సగమైంది, రాలేదు. కిటికీలోంచి తొంగి చూస్తే ఆవరణలో గేటుకు ఏదో పూస్తూ కనిపించాడు, పనిబట్టల్లోనే. "బయటిదాకా వచ్చాడు" అని ఆమె చెవిలో ఊదాను. ఆమె నా చేయి నొప్పెట్టేలా పట్టుకుంది.

వాక్యం ముగిసింది. పాస్టరు గారు అందరినీ పాటకు లేచి నిలబడమన్నారు.

లేచారు. పర్ర్‌ర్! ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, వరస తర్వాత వరస, పర్ర్‌ర్! అంటుకుపోయిన బట్టలు ఊడివస్తున్న చప్పుడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరి ముందున్న వీపు వాళ్లకు కనిపించింది. ప్రతి తెల్లబట్ట మీదా అడ్డంగా పచ్చ చారలు! పిల్లలు కేకలు, ఆడవాళ్లు లబోదిబో, మగవాళ్లు తమ వీపు తామే చూసుకోవాలని గిరగిరా తిరగడం. పాస్టరు గారొక్కరే శుభ్రంగా మిగిలారు, పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు కాబట్టి.

"ఎవడండీ ఈ రంగు వేసింది?" అని గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను కనిపెట్టే సంఘపెద్ద ఒంటికాలి మీద లేచాడు. "చర్చి పని కదా అని నాసిరకం పూసి పోయాడు! చర్చి గడప తొక్కనివాడికి పనిస్తే ఇంతే మరి!"

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయాను. పెద్దమ్మ నన్ను వెనక్కి లాగి, బెంచీల మధ్యకు వచ్చి నిలబడింది.

"ఆయన్ని అనకండి! ఆరలేదని, చాపలు వేయమని ఆయన నిన్ననే చెప్పారు. నేనే దాచాను. నేను కుట్టిన మడతలు నలుగుతాయని దాచాను." అక్కడితో ఆగలేదు. "దేవుని దగ్గరికి శుభ్రమైన బట్టతో రావాలని ఇప్పటికీ అంటాను. అది మర్యాద. కానీ ఇన్నేళ్లూ నేనిక్కడ కూర్చుని చూసింది దేవుణ్ణి కాదు, మీ బట్టల్ని. మనిషిని చూడటం మానేసి మరకని చూశాను. మా ఆయన్ని కూడా అలాగే చూశాను."

అంతలో గుమ్మంలోంచి పెద్ద కేక.

"కదలకండి! వెనక్కి ఆనకండి! రుద్దకండమ్మా, రుద్దితే ఇంకా పాకుతుంది!"

పెదనాన్న! ఒక చేతిలో కిరసనాయిలు డబ్బా, ఇంకో చేతిలో గుడ్డపీలికలు, పరుగున లోపలికి వచ్చేశాడు. సంఘపెద్ద అలవాటు కొద్దీ చేయి అడ్డం పెట్టి, "ఈ బట్టలతో ఎక్కడికయ్యా..." అంటూ గుమ్మం వైపు తిరిగాడు. ఆయన వీపు మీద మెడ నుంచి నడుం దాకా పచ్చ చారలు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పాస్టరు గారు, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. చివరికి సంఘపెద్ద కూడా నవ్వుతూ చేయి దించేశాడు.

పెదనాన్న ఒక్కో వీపు దగ్గరా ఆగి, గుడ్డతో మెల్లగా అద్దుతూ వచ్చాడు. అలా వరసలు దాటుకుంటూ పెద్దమ్మ దాకా వచ్చాడు. ఆమె వీపు తిప్పలేదు. కిరసనాయిలు కంపు కొడుతున్న ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ రోజు గుమ్మంలో మిమ్మల్ని ఆపింది దేవుడు కాదండీ. నేను."

"నాకు తెలీదుటే?" అన్నాడు పెదనాన్న. "అందుకే కదా నీ మీద అలిగాను, ఆయన మీద కాదు. రోజూ పనిలో నిచ్చెన మీద నిలబడి ఆయనతో మాట్లాడుకుంటూనే ఉన్నాను."

పెద్దమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"మరి ఇప్పుడైనా నా పక్కన కూర్చుంటారా?"

"పిచ్చిదానా, ఎక్కడ కూర్చునేది? బెంచీలు ఆరలేదు కదా!" అన్నాడాయన, ఆమె చేయి వదలకుండానే. "పాట ఎత్తుకో. నిలబడే పాడదాం."