ఏసీ వేస్తే ముల్లు లేచే మా తెల్ల కారు

మా చిన్నప్పుడు కారులో ఏసీ వేయాలంటే ముందు డిక్కీలో బిందెడు నీళ్ళు పెట్టుకోవాలి... నవ్వకండి, మా ఇంట్లో నిజంగా అదే పద్ధతి!

మాది కొత్తపేట. నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. ఎవరో వాడి వదిలేసిన తెల్ల కారుని ముచ్చటపడి కొన్నారు. మా వీధి మొత్తానికి ఏసీ ఉన్న కారు అదొక్కటే... దాన్ని కాయల కొట్టులోనే, కొబ్బరి రాశుల పక్కన పెట్టేవారు.

మొదట్లో బాగానే నడిచింది. ఒక వేసవిలో ముమ్మిడివరం దగ్గర రేడియేటర్లో నీళ్ళు అయిపోయి నిజంగానే పొగలు కక్కింది. చుట్టూ చూస్తే రొయ్యల చెరువులే... ఆ ఉప్పునీళ్ళు పోస్తే తుప్పు పడుతుందని నాన్నగారి భయం. కొబ్బరి వ్యాపారి బుర్ర కదా... ఇంజను చల్లారాక, పక్క తోటలో బొండాలు దింపించి ఆ నీళ్ళు పోసేశారు! సగం లోపలికి, సగం ఇంజను మీదకి.

"మనిషికి చలవ చేసేది బండికి చెయ్యదా ఏంటి?" అన్నారు పైగా.

ఇంటికొచ్చాక రేడియేటర్ లోపలైతే కడిగించారు. పైన ఒలికిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి మొదలైంది అసలు తంతు... ఏసీ వేసిన కాసేపటికి, ఇంజను వేడి చూపించే ముల్లు అమాంతం పైకి లేచేది. ఏసీ దానంతటదే ఆగిపోయేది. అమలాపురంలో మెకానిక్ ఫ్యాను మార్చాడు, రేడియేటర్ మార్చాడు... ముల్లు మాత్రం మారలేదు.

ముల్లు లేచిందంటే నాన్నగారు కారు ఆపేసేవారు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరుగుతున్న నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయని, పూర్తిగా చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇక ఆ గంటా మాదే... నేనూ తమ్ముడూ కాలవ గట్టున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ, తాటిముంజలు తింటూ... కారు వేడెక్కితే బాగుండునని లోలోపల మొక్కుకునేవాళ్ళం!

అలాంటి కారులో పద్మత్తని పురిటికి తీసుకురావలసి వచ్చింది.

పద్మత్త మా మేనత్త, నాన్నగారి చెల్లెలు. ముమ్మిడివరం ఇచ్చారు. మామయ్య మస్కట్‌లో ఉద్యోగం. తొలి కాన్పు... పుట్టింటికి రావాలని అత్త ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ బయట రోహిణీ కార్తె ఎండలు. వాళ్ళ అత్తగారు సుభద్రమ్మగారిది ఒకటే మాట.

"బస్సులోనూ ఆటోలోనూ పంపనండి. మీది ఏసీ కారని చెప్పేరు కాబట్టి సరే అన్నాను. నేనూ కూడా వస్తాను బాబూ... దారిలో చల్లదనం ఆగిందంటే అక్కణ్ణుంచే వెనక్కి!"

"ఆయ్, అలాగేనండీ అత్తయ్యగారూ" అనేశారు నాన్నగారు. ముల్లు సంగతి మాత్రం ఎత్తలేదు.

నాన్నగారూ, నేనూ, తమ్ముడూ ముందురోజే వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్న వర్జ్యం దాటాక బయల్దేరాం. సుభద్రమ్మగారు ముందు సీట్లో. వెనక మా ఇద్దరి మధ్యా అత్త. మామూలుగా కొంత దూరం వెళ్ళాక ఏసీ వేసే నాన్నగారు, ఆవిడ కోసం ఆ రోజు బయల్దేరుతూనే వేశారు.

ఊరు దాటామో లేదో... ముల్లు లేచింది. ఏసీ ఆగింది.

సుభద్రమ్మగారు పైటచెంగుతో విసురుకుంటూ, "ఇదేనా బాబూ చల్లగా తీసుకెళ్ళడం? తిప్పెయ్యండి వెనక్కి" అన్నారు.

అత్తకి కళ్ళనిండా నీళ్ళు... నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎప్పుడూ కారు ఆగాలని మొక్కుకునే నేను, ఆ రోజు మాత్రం దేవుడా బాగుచెయ్యి, దేవుడా బాగుచెయ్యి అనుకుంటూ కూర్చున్నాను.

చల్లారేదాకా ఆగే వ్యవధి లేదు నాన్నగారికి. కారు ఆపి, తువ్వాలు మడతపెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మెల్లిగా మూత తీశారు... చిమ్మలేదు. పొగ కూడా లేదు. లోపలి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, అంతే!

"ఇవి మరగనేలేదే... మరి ముల్లెందుకు లేచినట్టు?"

ఇంజను వేడి ఎంతుందో ముల్లుకి చెప్పే సెన్సార్ ఒకటి ఉంటుంది. దాని వైరు వెంట వేలు పోనిస్తూ వెళ్ళారు. ఒకచోట వేలు ఆగిపోయింది... వైరు పైతొడుగుని ఎలుక కొరికేసింది! అప్పట్లో కొబ్బరినీళ్ళు ఒలికింది సరిగ్గా అక్కడే. ఆ తీపికి కాయల కొట్టులో ఎలుకలు పండగ చేసుకున్నాయన్నమాట.

ఏసీ వేసినప్పుడల్లా ఇంజను కాస్త ఎక్కువ వణికేది. ఆ వణుకుకి బోసితీగ ఇనుముకి తగిలి, వేడి లేకుండానే ముల్లు లేచేది. అది నమ్మి ఏసీ ఆగిపోయేది. మేమూ నమ్మి, ఉడకని ఇంజను చల్లారడానికి గంటలు గంటలు కాపలా కాసేవాళ్ళం!

చుట్టడానికి టేపు లేదు. అత్త జడలోంచి మల్లెమాల తీసి, పూలు ఒడిలో దులుపుకుని, అరటినార నాన్నగారి చేతికిచ్చింది.

"అన్నయ్యా, దీంతో కట్టి చూడవా..."

నాన్నగారు వైరుని ఇనుముకి తగలకుండా లాగి, పక్కనున్న రబ్బరు గొట్టానికి ఆ నారతో కట్టేశారు. మళ్ళీ ఏసీ వేశారు. అందరం ఊపిరి బిగబట్టి ముల్లువైపే చూశాం... అది సగం దాకా వచ్చి, బుద్ధిగా అక్కడే కూర్చుంది. అమలాపురం వచ్చింది, అంబాజీపేట కూడా దాటింది, ముల్లు ఇక కదల్లేదు.

అప్పుడు సుభద్రమ్మగారు పైట భుజాల చుట్టూ కప్పుకుని, కాస్త మొహమాటంగా అన్నారు కదా...

"బాబూ, చలేస్తోందండీ... అది ఆపేసి అద్దాలు దించేద్దురూ!"

"ఆయ్" అన్నారు నాన్నగారు. వెనక పద్మత్త నవ్వాపుకోలేక నా భుజంలో మొహం దాచుకుంది. కాలవగట్టు గాలి హాయిగా మొహాలకి కొడుతుంటే, ఏసీ లేకుండానే మా అత్త పుట్టిల్లు చేరింది. వెనక్కి తిప్పమన్న ఆవిడ బారసాల అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండిపోయారు!

ఇప్పుడు నా కారులో ఏ సెన్సార్ చెడినా ఫోనులో కనబడుతుంది. సుఖంగానే ఉంది, కాదనను... కానీ మొన్న మా ఊరు వెళ్తే దారిలో కాలవ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియలేదు.

మీ ఇంట్లోనూ ఇలా సతాయించిన పాత బండి ఒకటి ఉండే ఉంటుంది... అది ఎవరిని ఇంటికి చేర్చిందో చెప్పరూ?