ఎదురెదురు బోట్లు

మా ఆయన మోటారుసైకిల్ క్లబ్బు వాళ్లు ఆదివారం సముద్రప్పాయ దాటి, బాంబూ ఫ్లాట్ రేవు అవతలి ఊళ్లు తిరిగొద్దామంటే, మేముండే జంగ్లీఘాట్ నుంచి నేనూ వెనక కూర్చుని బయల్దేరాను. చాథం జెట్టీ దగ్గర వెనక కూర్చున్నవాళ్లు దిగి ముందుగా బోటెక్కాలి, బళ్లు తర్వాత ఎక్కుతాయి. నేనెక్కేశాను. వరసలో చివరున్న మా ఆయన దాకా రాకుండానే బోటు నిండిపోయింది, బళ్లెక్కే ఇనప తలుపు పైకి లేపేశారు.

బోటు కదిలాక చూశాను. వాన తడికి జెట్టీ మీద ఆయన బండి జారి ఒరిగిపోయింది. కాలు దాని కింద ఉండిపోయింది. జనం మూగేసరికి ఇక ఆయన కనబడలేదు.

"భయ్యా, వెనక్కి తిప్పండి!" అని తాడు చుడుతున్న బోటు పనివాడు, లస్కరు చెయ్యి పట్టుకున్నాను.

"ఇదేం ఆటో కాదు దీదీ. అవతల దిగకుండా ఉండు, ఇదే బోటు వెనక్కెళ్తుంది."

"వదినా, ఆ బండి కంటే అన్నయ్య కాలే గట్టిది" అని క్లబ్బులో ఒకాయన నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

అవతల బళ్లన్నీ దిగేదాకా ఊచ పట్టుకుని నిలబడ్డాను. తిరిగొస్తుంటే సముద్రం మధ్యలో రెండో బోటు ఎదురొచ్చింది. అందులో బళ్ల మధ్య మా ఆయన! నేను అవతల ఎదురుచూస్తుంటానని ఎక్కేసుంటారు. నన్ను చూసి చెయ్యి ఊపారు.

"కాలెలా ఉందీ?" అని గొంతు చించుకున్నాను.

ఏదో చెప్పారు. రెండు ఇంజన్ల రొదలో ఒక్క ముక్క వినబడలేదు. బోటు ఇనప గోడ ఆయన నడుం దాకా అడ్డంగా ఉంది. రెండు కాళ్ల మీదా నిలబడ్డారో లేదో చూద్దామని మునివేళ్ల మీద లేచాను. అప్పటికే ఆయన అటు, నేను ఇటు వెళ్లిపోతున్నాం.