వరదాచారి సారును ఓడించిన నా క్విజ్

ముప్పై ఏళ్ళు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషిని పావుగంటలో ఏమీ తెలియనివాడిగా మార్చిన ఘనత నాది. కంప్యూటర్లో ఒక క్విజ్ చేశాను, అంతే! మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తల ఎత్తుకోబుద్ధి కాదు.

రెండువేల మూడు ప్రాంతంలో తిరుపతిలో ఒక కంప్యూటర్ సెంటర్లో వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటున్నాను. కోర్సు చివర ప్రాజెక్టు చేయాలి. నేను చిత్తూరు జిల్లా మీద క్విజ్ ఎంచుకున్నాను. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. సరైనది నొక్కితే చప్పట్లు. తప్పు నొక్కితే గాడిద ఓండ్రపెట్టి, ఎర్రటి అక్షరాల్లో "మళ్ళీ బడికి పోండి!" అని వస్తుంది. ఆ గాడిద గొంతు కోసం రెండు రోజులు వెతికానంటే నా శ్రద్ధ ఎంతటిదో చూడండి.

ఆదివారం వడమాలపేటలో మా ఇంటికి వెళ్ళేసరికి నాయన శేరుతో చెనిక్కాయలు, అదే వేరుశెనక్కాయలు, కొలుస్తున్నాడు. "లాభం... రెండు... మూడు..." మా వైపు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు.

"కంప్యూటరు ఒకటి అని కూడా అనదు నాయనా. సున్నా నుంచి లెక్కపెడతాది" అన్నాను గొప్పగా.

నాయన చేతిలో శేరు ఆగిపోయింది. "మొదట్లోనే సున్నా అంటే ఇంగేం మిగుల్తాదిరా? నువ్వు మాత్రం ఒకటితోనే మొదలుపెట్టు!"

నాకూ అదే శుభం అనిపించింది. ఏ ప్రశ్నకు ఎన్నో జవాబు సరైనదో తెలిపే పట్టీని సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి లెక్కవేసి రాసేశాను. కంప్యూటరే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

సరిచూసుకోలేదా అంటారా? చూసుకున్నాను. ప్రతి ప్రశ్నకూ మొదట పెట్టిన తప్పు జవాబునే నొక్కి, గాడిద అరిచినప్పుడల్లా పడీ పడీ నవ్వాను. సరైన జవాబు నొక్కి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ప్రాజెక్టు చూపించే రోజు కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, ఎవరైనా పెద్దవాళ్ళ చేత మొదట నొక్కించడం మా సెంటర్లో ఆనవాయితీ. నేను నాకు సోషల్ చెప్పిన మా ఊరి వరదాచారి సారును పిలిచాను. ఇస్త్రీ పంచె కట్టుకుని, నామం దిద్దుకుని, పొద్దున్నే బస్సులో వచ్చేశారు.

మార్కులు వేయడానికి మద్రాసు నుంచి వచ్చినాయనతో నన్ను చూపించి, "మునిరత్నం నా శిష్యుడే" అని చెప్పుకుని మరీ కూర్చున్నారు.

మొదటి ప్రశ్న, చిత్తూరు జిల్లా ఎప్పుడు ఏర్పడింది? సారు చిరునవ్వుతో పందొమ్మిది వందల పదకొండు నొక్కారు. గాడిద అరిచింది. సరైన జవాబు పదమూడు అని తెర మీద పడింది.

"పదమూడా? పదకొండని కదప్పా నేను చెప్పేవాణ్ణి?"

రెండో ప్రశ్న, అంతకుముందు చిత్తూరు ఏ జిల్లాలో ఉండేది? సారు ఉత్తర ఆర్కాటు నొక్కారు. మళ్ళీ గాడిదే. తెర మీద నెల్లూరు అని వచ్చింది.

అప్పుడు నా బుర్ర వెలిగింది. రెండోది సరైనదని నేను రాస్తే, సున్నా నుంచి లెక్కపెట్టిన కంప్యూటరు మూడోదాన్ని పట్టుకుంది! చెప్పేద్దామని నోరు తెరిచాను. పక్కనే మార్కుల కాగితం కనిపించింది. నోరు మూసేశాను. అయిదు ప్రశ్నలకూ గాడిద అరిచింది. జనం నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మా జిల్లా సంగతులేవీ తెలియని ఆ మద్రాసాయన, "పెద్దాయన్నే ఓడించేసిందే!" అని మెచ్చుకుని మంచి మార్కులు వేశాడు.

సారు మెల్లగా లేచారు. "కంప్యూటర్ తప్పు చెప్పదు కదప్పా. ఇన్నాళ్ళూ పిల్లోళ్ళకు నేనే తప్పు చెప్పినట్టుండాను."

వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి సారు ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే వాళ్ళ ఆవిడ ఎదురయ్యారు. "ట్యూషన్ పిల్లోళ్ళను వేరే సారు కాడికి పొమ్మనేసినారప్పా. మతిమరుపు వచ్చేసిందంట. పొద్దునా సాయంత్రం సరస్వతీ ఆకు కషాయం కాచి ఇస్తా ఉండాను."

లోపలికి వెళ్ళి సారు కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

"అయితే పదకొండేనా?"

"పదకొండే సార్."

"ఉత్తర ఆర్కాటేనా?"

"అదే సార్."

"మరి ఆ పొద్దు ఆడనే ఎందుకు చెప్పలేదప్పా?"

"మార్కులు పోతాయని సార్."

సారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో ఆవిడ నల్లటి కషాయం నిండుగా పోసిన లోటా తెచ్చి, "తాగండి, చల్లారిపోతాది" అన్నారు.

"మతి పోయింది నాకు కాదులే. మునిరత్నానికియ్యి" అన్నారు సారు. "ఇంగ పిల్లోళ్ళకు కబురు పెట్టు, రేపట్నుంచి రమ్మని."

చుక్క మిగల్చకుండా తాగాను. ఆ చేదు గొంతులో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను. నేను రాసిన ప్రోగ్రాం ఒప్పును తప్పంటుందేమో ముందు నేనే నొక్కి చూసుకోనిదే, ఇంకో మనిషి చేతికి మౌస్ ఇవ్వను గాక ఇవ్వను!