మేడ మీద ఉల్లంకులు

ఏప్రిల్ మొదట్లో ఓ పొద్దున, ఎండబెట్టిన వడియాలు చూద్దామని దిల్‌సుఖ్‌నగర్‌లోని మా మేడెక్కాను. నీళ్ల ట్యాంకు చుట్టూ నలభై దాకా బూడిదరంగు పిట్టలు. సన్నటి పొడుగు ముక్కులు. ఒక్కటీ అరవలేదు, వడియాల వంక చూడలేదు. అన్నీ తూర్పుకే ముఖం పెట్టి నిలబడ్డాయి. చీపురు ఎత్తాను. కదల్లేదు.

"తోలకండక్కా!"

పై వాటాలో కిరాయికుండే అమ్మాయి. వాళ్లది సముద్రపు ఒడ్డు ఊరు, తమ్ముడు చేపల వేటకు వెళ్తాడు.

"ఉల్లంకులండీ. ఈ రోజుల్లో ఒడ్డెమ్మటే ఉత్తరానికి పోతాయి. ఎదురుగాలి తగిలితేనే ఇలా దిగిపోతాయి. ఇవి దిగితే మా అమ్మ చేపల గంప బోర్లించేసేది. ఇంక ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పడవెక్కకూడదు."

"సముద్రం ఏడుంది, మనమేడున్నం? పిట్టలు జెప్తే ఇగ సదువులెందుకు?"

ఆమె వినలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. వేట నిషేధానికి ముందు అదే ఆఖరి వేట, మధ్యాహ్నం బయల్దేరుతున్నాడట. "వద్దురా" అని ఆమె ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది. నా ఫోన్‌లో వాతావరణం చూశాను. నిండు సూర్యుడు. ఆమె ఫోన్ లాక్కున్నాను.

"పో తమ్మీ, ఏం గాదు. మీ అక్కకు పిట్టల పిచ్చి వట్టింది."

అతను నవ్వాడు. "చదువుకున్నోళ్లు, మీరు చెప్పారుగా అక్కా."

సాయంత్రం తూర్పున, ఎల్బీ నగర్ వైపు, ఆకాశం గాలివానకు ముందులా పసుపుపచ్చగా మారింది. వడియాలు ఎత్తుతూ మళ్లీ ఫోన్ తెరిచాను. సూర్యుడి బొమ్మ కింద మా పేట పేరుంది. నేను చూసింది దిల్‌సుఖ్‌నగర్ ఎండ. సముద్రాన్ని చూడనే లేదు.

అతని ఫోన్ కలవలేదు. మర్నాడూ కలవలేదు. పిట్టలూ కదల్లేదు.

మూడోనాడు గాలి పడిపోయింది. పిట్టలు చప్పుడు లేకుండా లేచి ఉత్తరానికి పోయాయి. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. తమ్ముడే. నాకూ వినపడేలా స్పీకర్ పెట్టింది. బయల్దేరిన గంటకే పడవ అంచు నిండా అవే పిట్టలు వాలాయట. పడవ తిప్పి, ఏరు సముద్రంలో కలిసే చోట, సిగ్నల్ అందని ఓ మొగలో తలదాచుకున్నారట.

"తోలదామని చెయ్యెత్తానే అక్కా. ఒక్కటీ కదల్లేదు."

ఈ ఏడాది మళ్లీ దిగాయి, మూడే. ఆమె ఇంట్లో లేదు. వడియాల గంప నేనే బోర్లించి, ఆ తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏడున్నవ్?"

"ఇంటి దగ్గరే అక్కా. బయల్దేరుతున్నా. ఇక్కడ ఎండ ఇరగ్గాస్తోంది."

"ఎండ సంగతి నాకెందుకు జెప్తున్నవ్? ఇయ్యాల ఇంట్ల కూసో."