గోడ తడితే తిరిగే ఫ్యాను

ఆ రోజుల్లో మా పాతబస్తీ యాకుత్‌పురా ఇంట్లో ఫ్యాను కావాలంటే స్విచ్చు నొక్కేవాళ్లం కాదు, గోడ తట్టేవాళ్లం. ఇప్పటివాళ్లకు చెబితే ముసలాడు కోతలు కోస్తున్నాడంటారు. ఇంటి ఓనరు ఒక పెద్ద గదికి నడుమ గోడ లేపి రెండు పోర్షన్లు చేశాడు గానీ వైర్లు మార్చలేదు. ఫ్యాను, బల్బు మా నెత్తిమీద. వాటి స్విచ్చులు గోడ అవతల, మేం ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటి పెద్దామె దగ్గర. ఒకసారి తడితే లైటు, రెండుసార్లు తడితే ఫ్యాను. (ఖాలా నమాజులో ఉంటే చెమటలు తుడుచుకుంటూ కూర్చోవాల్సిందే.)

నాకు కొత్తగా పెళ్లైంది. ఆషాఢానికి పుట్టింటికి పోయిన మా ఆవిడను తిరిగి పంపే ముందు మామ కబురు పెట్టాడు: "ఉక్కకు నా బిడ్డ తాళది. ఫ్యాను తిరిగేది నా కండ్లతోని చూస్త. తిరిగితే దింపిపోత, లేకుంటే వాపస్ తీస్కపోత."

మామ ముందు గోడ తట్టాలంటే నామోషీ అనిపించింది. నేను డెయిరీలో పాలక్యాన్లు మోసేవాణ్ణి. కరెంటు పని ఎవరో చేస్తుంటే ఒకసారి కింద నిచ్చెన పట్టుకున్నాను, ఆ లెక్కన నాకూ వచ్చనుకున్నాను. మామ వచ్చే రోజు పొద్దున్నే మెయిను ఆపి, మా వైపు గోడకు కొత్త స్విచ్చు బిగించి వైర్లు లాగాను. అన్నీ నల్ల వైర్లే. ఏది ఎటు పోతుందో దేవుడికి తెలియాలి. తోచినట్టు ముడేశాను.

మామ వచ్చి చాప మీద కూర్చున్నాడు. కిటికీ లేని గది, పట్టపగలే చీకటి. మా ఆవిడ మూట విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. నేను దర్జాగా స్విచ్చు వేశాను. బల్బు ఆరబోయే బొగ్గులా ఎర్రగా వెలిగింది. ఫ్యాను రెక్కలు బద్ధకంగా కదిలాయి, వాటి మీది దుమ్ము కూడా రాలలేదు.

మామ తలెత్తి చూశాడు. "గిది తిరుగుతుందా, తిర్గాల్నా వద్దా అని సోచాయిస్తుందా?"

"బల్బు కరెంటు తింటుంది మామా. తీసేస్తే మస్తు తిరుగుతది, సూడు" అని స్టూలెక్కి, గుడ్డతో పట్టుకొని బల్బు ఊడదీశాను. గది చీకటైంది. ఫ్యాను కూడా ఆగిపోయింది. (బల్బులోంచి పోయిన కరెంటే ఫ్యానుకు పోయేలా నేనే కలిపానని తరువాత కరెంటు మేస్త్రీ చెప్పాడు.)

గోడ అవతల నుంచి ఖాలా గొంతు: "అరే బేటా, మంచిగ తిరిగే ఫ్యానుకు ఏం జేసినవ్‌రా?"

మామ లేచి కండువా దులుపుకున్నాడు. "నడువు బిడ్డా."

చీకట్లో మూట కింద పెట్టిన చప్పుడైంది. "నేను ఈడనే ఉంట బాపూ" అంది మా ఆవిడ. "నేను లేకుంటే ఈయన ఇల్లు తగలబెడ్తడు."

మర్నాడు మేస్త్రీ వైర్లన్నీ పాత చోటికే చేర్చాడు. మళ్లీ గోడ తట్టుడే. ఈసారి తట్టేది మా ఆవిడ. ఆమె తడితే ఖాలా నమాజు కాగానే ముందు మా ఫ్యాను వేసి, తరువాతే చాప మడిచేదట.

ఇప్పుడు జల్‌పల్లిలో సొంతిల్లు, స్విచ్చులన్నీ మావే. ఈ వయసులో అక్షరాలు నేర్చుకొని, బోర్డు మీద ఫ్యాను, లైటు అని నేనే రాసిపెట్టాను. మెయిను దగ్గర "ముట్టకు" అని కూడా నాతోనే రాయించింది మా ఆవిడ, నా కోసమే. ఉక్కపోసిన మధ్యాహ్నం మాత్రం నా చెయ్యి బోర్డును దాటి గోడ మీదికి పోతుంది. అవతల ఖాళీ ప్లాటు. మా ఆవిడ చూస్తూనే ఉంటుంది.

"తట్టు, తట్టు" అంటుంది. "ఖాలా నమాజుల ఉన్నదేమో."