మూడో చరణం వెతుక్కుంటూ దొరవారిసత్రం దాకా

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. గ్రామఫోను రికార్డులు మూడున్నర. నాలుగోదానికి ఒక పక్క గీతలు పడి బొత్తిగా పలకడం లేదు కాబట్టి అర అన్నాను. పాటల్లో చెబితే ఏడు. ఎవరు ఎప్పుడు పాడారో స్టూడియోవాళ్ళు రాసుకున్న పుస్తకం ఒకటి. ఆ స్టూడియో కూడా ఒకటి. మద్రాసులో అది ఉన్నచోట ఇప్పుడు కల్యాణ మండపం. హార్మోనియం వాయించిన టీచరమ్మ ఒకరు, ఆమెతోపాటు ఆమెకు గుర్తున్నదంతా. మిగిలింది ఒక్క పక్క, ఒక్క క్రైస్తవ కీర్తన, రెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు.

లేబులు మీద మన గాయని పేరుంది. ఆమె పోయి కొన్నేళ్ళయినా ఆమె ఎవరో ఎవరికీ చెప్పనక్కరలేదు. మా కావలిలో ఆమె పుట్టిన ఇళ్ళే ఇప్పటికి నాలుగు తేలాయి. తొలి పాట నేర్పిన గురువులు పదకొండుమంది. ఇంతమంది ఉండి కూడా ఆమె చిన్నప్పుడు స్టూడియోలో పాడిన పాటలు ఎన్ని, ఎవరు పాడించారు అని అడిగితే అందరికీ ఒక్కసారే పని గుర్తొస్తుంది.

నేను రైసుమిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర లెక్కలు చూస్తాను. పదో తరగతితో చదువు ఆగింది, లెక్క ఆగలేదు. ఆ కీర్తనకు పుస్తకంలో అయిదు చరణాలుంటే రికార్డులో నాలుగే ఉన్నాయి. మూడోది లేదు. చోటు చాలక వదిలేశారని అందరూ అన్నారు. వాచీ పెట్టి చూశాను. మొదట హార్మోనియం ఇరవై సెకన్లు, చరణానికి ముప్పై నాలుగు. ఆ రికార్డుకు ఒక్కో పక్క మూడు నిమిషాల పది సెకన్లు పడతాయి. మిగిలిన ఖాళీ సరిగ్గా ముప్పై నాలుగు. అంటే చోటుంది, చరణం లేదు.

ఈ సంగతి మా అభిమాన సంఘం సంచికలో రాశాను. సంఘం అధ్యక్షులవారు నా వ్యాసం కిందనే రెండు పేజీలు రాసి, ఆ మౌనం పన్నెండేళ్ళ బాలిక దైవానికి అర్పించిన నైవేద్యమని తేల్చారు. ఆ నైవేద్యంతో సహా ‘తొలి పాట’ వివరాలను నల్లరాతి మీద చెక్కించి కూడలిలో పెట్టాలని తీర్మానమైంది. చెక్కేది సోమవారం. అడుగున ‘లెక్క సరిచూసినవారు’ అని నా పేరు. శుక్రవారం దొరవారిసత్రం అవతలి పల్లె నుంచి ఒక పాస్టరుగారు ఫోన్ చేశారు. “సుగుణమ్మగారని మా చర్చి సంఘంలో పెద్దామె ఉండారు. మీరు రాసింది చదివించుకొని, ఆదివారం ఒకసారి రమ్మంటున్నారు. ఆ గొంతు తనదంట.”

పదమూడో గురువు తగిలిందనుకున్నాను. పన్నెండో స్థానం ఎవరికో ఒకరికి ఉంచాలి కదా.

ఆదివారం ఉదయం 5.40కి కావలిలో రైలెక్కాను. నాయుడుపేటకు టికెట్ అరవై అయిదు. సీటు గూడూరు దగ్గర దొరికింది, అదీ ఒక నిమ్మకాయల వ్యాపారి తన మూటను ఒళ్ళోకి తీసుకుంటే. “పాట పనేందన్నా?” అన్నాడు. గాయని పేరు చెప్పాను. “ఆమెకి తొలిపాట నేర్పింది మా మేనత్తే గదన్నా!” అన్నాడు. పన్నెండో స్థానం నిండింది. నోటుబుక్కులో వేసుకున్నాను.

7.50కి నాయుడుపేట. బస్టాండు దగ్గర కారం దోసె నలభై, టీ పదిహేను. కారం మాత్రం ధరకు మించి వేస్తారు. 8.30 బస్సుకు దొరవారిసత్రం ముప్పావు గంట, టికెట్ పాతిక. అక్కణ్ణించి ఆటో.

“పక్షులకా సార్?” అన్నాడు డ్రైవరు. వలస పక్షులు దిగే చెరువు అక్కడికి దగ్గరే. “ఇప్పుడు యాడుండాయి, అన్నీ ఎళ్ళిపోయినాయి.”

“పక్షికి కాదు, పాటకు.”

“అట్నా! అయితే ఉండి తిరిగి నేనే తీసకపోతా. పక్షులోళ్ళు సాయంత్రం దాకా తేల్చరు, పాటెంతసేపు!”

పులికాట్ వైపు వరి మళ్ళ మధ్య రోడ్డు. 9.50కి పల్లె చేరాం. చర్చిలో ఆరాధన మొదలవబోతోంది. చివరి బెంచీలో కూర్చున్నాను. నెల్లూరులో కొన్న కీర్తనల పుస్తకం చేతిలో ఉంది. నా అదృష్టమో, పాస్టరుగారి ఏర్పాటో, రెండో పాటే అది. పుస్తకంలో వేలు పెట్టి వెంట పాడుతున్నాను. రెండో చరణం అయింది. వాచీతో ఎన్నిసార్లో సరిచూసిన మూడో చరణాన్ని ధైర్యంగా ఎత్తుకున్నాను.

చర్చి మొత్తం నాలుగులో ఉంది.

దాదాపు డెబ్బైమంది ఒక లైన్లో, నేనొక్కణ్ణి ఇంకో లైన్లో. ముందు బెంచీల్లో ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఒకామె పక్కామెతో, “ఏందక్కా, ఈయన యాడనో ఆగిపోయినాడు” అంది. నోరు మూసుకున్నాను. అయినా లోపల లెక్క మాత్రం నడుస్తూనే ఉంది: ఈ ఊళ్ళో ఈ పాటకు చరణాలు నాలుగే.

ఆరాధన అయ్యాక సుగుణమ్మగారు నన్నూ పాస్టరుగారినీ తన ఇంటికి తీసుకెళ్ళారు. ఎనభై ఏళ్ళుంటాయి. ఒక చెవి వినబడదు. రెండో చెవికి ఫోన్ ఆనించి రికార్డు వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“గొంతు బాగానే ఉండింది నాకు” అన్నారు. “ఇన్నేళ్ళకు వింటా ఉండా.”

“మీదే అని ఎట్లా అనుకోవాలమ్మా? లేబులు మీద ఆమె పేరుంది.”

“పేరు ముందే రాసిచ్చినారు నాయనా. నెల్లూరులో మిషను హాస్టల్లో ఇద్దరం ఒక గదే. టీచరమ్మ మా ఇద్దరినీ మద్రాసుకు తీసకపోయింది, పాడేది ఆమె, తోడు నేను. రైలు దిగినామో లేదో ఆ పిల్ల ఐసు తినింది. తెల్లారేసరికి గొంతు లేదు. ‘ఈ ఒక్కటీ నువ్వు పాడవే సుగుణా’ అనింది టీచరమ్మ.”

“మరి మూడోది ఎందుకు వదిలారు?”

ఆమె నవ్వారు. “మా చిన్నప్పుడు ఈ చర్చికంతా ఒకే పుస్తకం. మూడోది ఉండే పేజీ అడుగు చెదలు తినేసినాయి. పెద్దోళ్ళు ఉన్నది పాడినారు, మేమూ అదే నేర్చినాం. తర్వాత కొత్త పుస్తకాలొచ్చినా నోళ్ళు పాతయ్యే కదా. ఆ పిల్ల కావలిది, వాళ్ళకు పేజీ బాగుండింది. నేను రెండు నించి నాలుక్కి దుమికితే, పక్కన నిలబడి మూడు వేళ్ళు చూపిస్తా ఉంది. నాకు మూడోది తెలిస్తే గదా పాడేదానికి!”

అందరూ కథలు చెబుతారు. నేను లెక్క అడిగాను. “పేజీ అడుగు పోతే దాని వెనక పక్క కూడా పోయుండాలి. వెనక ఉన్న పాట సంగతేంటి?”

“అది కూడా కడాఖరుది లేదు. మూడుతో ఆపేస్తాం.”

నా పుస్తకం తిప్పి చూశాను. వెనక పేజీలో పాట చివరి చరణం, సరిగ్గా ఆ ఎత్తునే. పాస్టరుగారిని పాడమన్నాను. మూడుతో ఆపి, ఇంకేముందన్నట్టు నా వైపు చూశారు. నా వ్యాసం, అధ్యక్షులవారి రెండు పేజీల నైవేద్యం కలిపి చెదపురుగులకు అప్పజెప్పాను.

“ఆమె ఎప్పుడూ చెప్పలేదా, అది మీ పాటని?”

“చెప్తాలే అనేది. ఆ తర్వాత ఎన్ని పాటలో, ఎన్ని ఊళ్ళో. నా మనవరాళ్ళు నమ్మరు నాయనా. ‘ఊరుకో జేజీ, నువ్వేంది, ఆమేంది’ అంటారు. ఒక్కచోట, ఎక్కడో ఒకచోట, అది సుగుణమ్మ పాడిందని రాసుంటే చాలు. రాయి చెక్కుతా ఉండారంట గదా?”

చేపల పులుసుతో అన్నం పెట్టారు. ఆ రోజు ఖర్చులో భోజనం కింద సున్నా వేసుకున్నాను. వచ్చేముందు పుస్తకం చూసి మూడో చరణం చదివాను, ఆమె విని పాడారు. ముప్పై నాలుగు సెకన్లు కాదు, యాభై ఒకటి పట్టింది. ఫోనులో పట్టుకున్నాను. ఆటోడ్రైవరు గుమ్మంలో నిలబడి, “పక్షులోళ్ళే నయం సార్” అన్నాడు.

సాయంత్రం 5.15కి నాయుడుపేటలో తిరుగు రైలు. గూడూరు దాటాక అధ్యక్షులవారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. “చెదపురుగులని రాతి మీద రాయమంటావా?” అన్నారు. పురుగులొద్దు, ‘పాడింది సుగుణమ్మ’ అని వేయమన్నాను. చోటు లేదన్నారు. చోటు సంగతి నాకు చెబుతారా! “నా పేరు తొమ్మిది అక్షరాలు తీసెయ్యండి. నాలుగు అక్షరాల మనిషి పడుతుంది, ‘పాడింది’కి మూడు పోయినా ఇంకా రెండు మిగుల్తాయి” అన్నాను. ఆలోచిస్తామన్నారు. ఎదురు సీట్లో ఒకామె బిడ్డను జోకొడుతూ ఏదో పాడుతోంది. ఎన్ని చరణాలో జీవితంలో మొదటిసారి లెక్కపెట్టలేదు. 7.25కి కావలి.

ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళు ఆదివారమే వెళ్ళండి, వెనక బెంచీలో కూర్చోండి, రెండో చరణం అయ్యాక నోరు తెరవకండి. రాను పోను మొత్తం ఖర్చు అయిదు వందల లోపే.

రాయి కూడలిలో ఉంది, చూడొచ్చు. నా మాట మన్నించి నా తొమ్మిది అక్షరాలూ తీసేశారు. ఆ చోట వీణ బొమ్మ చెక్కారు. ఆ కీర్తనలో వీణ లేదు. అధ్యక్షులవారి పేరు, ఇంటిపేరు, బిరుదు కలిపి ఇరవై ఏడు అక్షరాలు, రెండుసార్లు లెక్కపెట్టాను. సుగుణమ్మగారికి పడాల్సినవి ఇప్పటికీ నాలుగు.