ఏది ఎవరి కోడి?

పెళ్ళయి గోపాలపట్నం కాపురానికి వచ్చేటప్పుడు బస్సులో కోళ్ళగంప పెట్టుకుని వచ్చిన కోడల్ని నేను. కండక్టరు గొడవపడ్డాడు. కావాలంటే గంపకూ టికెట్టు కొట్టమన్నాను గానీ దింపలేదు. అందులో ఒక పుంజు, రెండు పెట్టలు. నల్లపెట్ట కాకి, ఎర్రపెట్ట డేగ, రెక్కలమీద పసుపు మెరిసే పుంజు నెమలి. మా వైపు కోడికి వేరే పేరు పెట్టరు, రంగే పేరు. తొంభైల్లో మా సందులో ఇంటింటా నాటుకోళ్ళే, ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. సాయంత్రం ఏదైనా గూటికి రాకపోతే, "మీ కాకి మా గోడెక్కింది" అని ఎవరో ఒకరు కేకేసేవారు.

కొన్నేళ్ళకు ఒకాయన మోపెడ్ మీద అట్టపెట్టెల్లో కోడిపిల్లల్ని తెచ్చాడు. మేలుజాతి, గుడ్లు తెగ పెడతాయన్నాడు. సందంతా ఎగబడి కొంది. అన్నీ ఒకే గోధుమరంగు. పాత కోళ్ళు ఒక్కొక్కటే కూరలోకి వెళ్ళిపోయాయి, నావి తప్ప. కొత్తవి గుడ్లకొచ్చాక ఆయన మళ్ళీ వచ్చాడు. మా నెమలి వాటి మధ్య దర్జాగా తిరగడం చూసి, ఆ నాటుపుంజు ఉంటే మీ కోళ్ళ జాతి చెడిపోతుందని ఆడవాళ్ళందరికీ చెప్పి వెళ్ళాడు. పిల్లలు మన దగ్గరే పుడితే ఇక ఆయన దగ్గర కొనేదెవరు?

మర్నాడే పక్కింటి వదిన నలుగుర్ని వెంటేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఆ పుంజుని కోసీ వదినా. మా జాతి పాడైపోతాది."

"నా పుంజు మీకేటి సేసింది? నాను కొయ్యను."

"అందరిదీ ఓ దారి, నీదో దారా?"

"అవును, నాదో దారే."

మా ఆయనకు స్టీలు ప్లాంటులో పని. అన్నం తింటూ, కడ్డీల్లో ఒకటి తేడాగా వస్తే పక్కన పడేస్తామని చెప్పాడు. నేను పెంచేది కోళ్ళని, కడ్డీల్ని కాదన్నాను. నెమలిని కొయ్యనూ లేదు, కట్టెయ్యనూ లేదు. సందులో చాలామంది నాతో మాటలు మానేశారు. బాధేసింది, ఒంటరిగా కూడా అనిపించింది. అయినా పుంజుని వదులుకోబుద్ధి కాలేదు.

ఈలోగా సందులో కొత్త తగువు మొదలైంది. కోళ్ళన్నీ ఒక్కలా ఉంటే గూట్లో వేసే వేళకు ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఒకావిడ కాలికి ఎర్రగుడ్డ కట్టింది, ఒకావిడ గోళ్ళకు నెయిల్ పాలిష్ వేసింది. పక్కింటి వదిన గేటుకు వేసే వెండిరంగు తోకలకు పూసింది. ఈకలు రాలగానే మళ్ళీ మొదలు. ఒకరోజు ఆవిడా, ఎదురింటావిడా ఒకే కోడిని చెరోవైపు పట్టుకుని లాగారు. గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వాను. ఎందుకు దాచుకోవాలి?

ఆ కోళ్ళతో ఇంకో చిక్కు, గుడ్డు పెట్టి లేచిపోతాయి, పొదగవు. అప్పుడే మా కాకి పొదుగుకొచ్చింది. పక్కింటి వదిన కొంగులో గుడ్లు కట్టుకుని వచ్చింది.

"నీ కాకి కింద ఎట్టనీ వదినా."

"మొగుణ్ణి కోసీమని, ఇప్పుడు పెళ్ళాన్ని పిల్లల్ని సెయ్యమంటావా?" అన్నాను. ఆవిడ కొంగుముడి విప్పి గుడ్లు నా చేతిలో పెట్టింది. గంపలో ఊక పోసి గుడ్లు పెట్టాను. ఎంతైనా అవి మా నెమలి గుడ్లే కదా!

పిల్లలు పెరిగి ఈకలు దిగాక చూస్తే ఒకటి నల్లన, ఒకటి ఎర్రన, ఒకటి తెలుపూ నలుపూ చుక్కలు, ఒకదానికి అచ్చం తండ్రిలా రెక్కలమీద పసుపు. పక్కింటి వదిన వాటిని వాకిట్లో వదిలి, పిలవడం మొదలుపెట్టింది. ఒక్కోదాన్నీ దాని రంగుతో.

మోపెడ్ ఆయన కొత్త పెట్టెలతో మళ్ళీ వచ్చి వాటిని చూశాడు.

"జాతి పాడుచేసేసుకున్నారమ్మా. వీటిని తీసేసి కొత్తవి తీసుకోండి."

నేను నోరు తెరిచేలోపే పక్కింటి వదిన అందుకుంది.

"పోవయ్యా! ఏటి పాడైంది? ఏది నా కోడో ఇప్పుడే కదా నాకు తెలస్తంది."